తుడిచేసిన మధ్యాహ్నాలు

ఆగస్టు ఇరవై రెండో తేదీ, శుక్రవారం. ఆ పొద్దున ఇంట్లో మినపరొట్టె, అల్లం పచ్చడి. ఆ తర్వాత గడిచిన పొద్దులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయినా, ఆ తేదీ, ఆ రొట్టె అడుగున మాడిన వాసన మాత్రం జాన్ బాబుకి విడిగా గుర్తుండిపోయాయి.

రొట్టె మాడడానికి కారణం ఆయన అక్క అమ్మాజీ. పొయ్యి మీద మూకుడు పెట్టి, హాల్లో కూర్చున్న మేనకోడలి స్నేహితుడు సుహాస్‌తో కబుర్లలో పడిపోయింది.

"ఎర్రగడ్డ నుంచి ఇంత పొద్దున్నే వచ్చావు, మీ అమ్మ ఏమీ పెట్టలేదా?"

"పెట్టింది ఆంటీ. ఉప్మా. అందుకే గిట్ల జల్దీ వచ్చిన."

"ఉప్మా అంటే పారిపోయి వచ్చావన్నమాట. కూర్చో, రొట్టె అవుతోంది."

"అయిపోయినట్టుంది ఆంటీ. పొగ గూడా వస్తుంది."

అమ్మాజీ మోకాలు పట్టుకుని కుంటుతూ వంటింట్లోకి పరుగెత్తింది. జాన్ బాబు నవ్వబోయి, నవ్వడానికి కూడా ఓపిక లేనట్టు ఊరుకున్నాడు. నాలుగు సాయంత్రాలు పని ముగిసిన తర్వాత కూడా స్టూడియోలోనే ఉండిపోయాడు. కళ్ళు మండుతున్నాయి. కానీ లోపల ఎక్కడో చిన్న సంతోషం. కూతురికి ఇంకా చెప్పలేదు.

ఆయన పని సినిమా మాటలను శుభ్రం చేయడం. తెర మీద హీరో మాట్లాడుతున్నప్పుడు వెనక జనరేటరు మోత, ఫ్యాను గాలి, ఎవరో దగ్గిన దగ్గు వినపడకూడదు. అలాంటివన్నీ ఏరి తీసేయాలి. గుంటూరులో ఫిజిక్స్ చదివి, మద్రాసులో ఈ పనిలో చేరి, పరిశ్రమతో పాటు ఫిలింనగర్‌కి వచ్చాడు. ఆయన తీసిన చప్పుళ్ళు ఎవరికీ తెలియవు. తెలియకపోవడమే ఆ పనికి మెచ్చుకోలు.

భార్య తెరెసా పోయి ఏడాదిన్నర అవుతోంది. అప్పటినుంచి ఆయనకు ఇంట్లో కూడా ఏ చప్పుడూ పడడం లేదు. టీవీ పెట్టనివ్వడు. పడుకునే ముందు ఫ్రిజ్ మోత వినపడకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసి వస్తాడు.

కూతురు తబిత గదిలోంచి వచ్చింది. తల దువ్వుకోలేదు. చేతిలో చిన్న స్పీకరు.

"ఇవాళ రాత్రికల్లా పాటలు ఆల్బం వేసే కంపెనీకి పంపించెయ్యాలి. అందరం చివరిసారి వినేద్దాం. అత్తా, నువ్వూ రా."

ఈ పాటలను బయటికి తేవడం కోసమే తబిత జనవరిలో ఉద్యోగం మానేసింది. అంతకుముందు జూబ్లీహిల్స్‌లో ఒక సంగీత దర్శకుడి దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసేది. పండగ రోజు కూడా ఐటెం సాంగ్ బీట్‌లు కొట్టి కొట్టి ఇంటికి వచ్చి సోఫాలో అలాగే నిద్రపోయేది. మానేసిన రోజున జాన్ బాబు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే తబితకి ఎక్కువ బాధ కలిగించింది.

పాటలు మొత్తం ఎనిమిది. తబిత గిటారు, పాట. సుహాస్ డ్రమ్స్. అయితే డ్రమ్స్ అంటే మోత కాదు. ఎవరో పక్కగదిలో దుప్పటి దులుపుతున్నట్టు ఉంటుంది. గిటారు ఒక మెట్టు దిగి, ఆగి, ఇంకో మెట్టు దిగుతుంది. తబిత గొంతు మధ్యాహ్నం కునుకు తీసి అప్పుడే లేచిన మనిషి గొంతులా ఉంటుంది. మాటలు తక్కువ. ఆల్బంకి 'మధ్యాహ్నాలు' అని పేరు పెట్టింది.

తెరెసా బతికుండగా వచ్చిన ఆఖరి వేసవిలో, ఈ హాల్లోనే, వంటింటి గుమ్మానికి ఎదురుగా ఒకే మైకు పెట్టి ఎనిమిదీ రికార్డు చేశారు. తర్వాత ఆస్పత్రులు మొదలయ్యాయి. పాటలు డిస్కులో ఉండిపోయాయి. మొన్న వానల్లో తబిత ల్యాప్‌టాప్ పాడైంది. మిగిలింది ఆ డిస్కు ఒక్కటే.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ డిస్కును ఆటోలోనే తండ్రి చేతిలో పెట్టింది. "పంపే ముందు ఒక్కసారి విను డాడీ. నీకెలా ఉందో చెప్పు." ఆయన సరే అన్నాడు. పాటల గురించి ఏం చెప్పాలో ఆయనకు తెలియదు. శబ్దాన్ని ఏం చేయాలో తెలుసు.

మొదటి పాట మొదలైంది. సుహాస్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నమలడం ఆపాడు. తబిత స్పీకరును చెవి దగ్గరికి తీసుకుంది. వాళ్ళిద్దరికంటే ముందు నోరు తెరిచింది అమ్మాజీ.

"ఇదేంటే అమ్మడూ, ఇవాళ నాకు నిద్ర రావట్లేదు!"

"పొద్దున్నే నిద్రేంటి ఆంటీ?" అన్నాడు సుహాస్, కానీ అతని ముఖంలో నవ్వు లేదు.

"నీకేం తెలుసు? ఇది తన గదిలో ఈ పాటలు పెట్టుకుంటే, ఇవతల నేను మోకాలి నొప్పి కూడా మర్చిపోయి కునుకు తీసేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరో పక్కన ఉన్నట్టు ఉండేది. ఇవాళేమో ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టుంది."

తబిత రెండో పాట పెట్టింది. మూడోది. ఆఖరి పాట చివరకు జరిపి విన్నది. గిటారు ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు. కడిగి బోర్లించిన గాజుగ్లాసు లాంటి నిశ్శబ్దం.

"శుభ్రం చేశాను," అన్నాడు జాన్ బాబు. ఆ మాట చెప్పడానికే పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నాడు. "ఇంట్లో రికార్డు చేశారు కదా, వెనక చాలా చెత్త ఉంది. మొత్తం హిస్సు, మైకు బుసలాంటి చప్పుడు. అదంతా ముందు తీసేసి, మిగిలిన టకటకలు ఒక్కొక్కటే ఏరాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఎనిమిది పాటలకీ నాలుగు రోజులు పట్టింది."

"పాత ఫైళ్ళు?"

"వాటి మీదే సేవ్ చేశాను. రెండు రకాలు ఉంచితే ఎప్పుడో ఒకసారి తప్పుది బయటికి పోతుంది. మా దగ్గర పద్ధతి అంతే."

తబిత స్పీకరు ఆపేసింది. సుహాస్ ప్లేటు కింద పెట్టాడు.

"కాపీ తీసి పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పిన నీకు..." అని గొణిగి, ఆమె ముఖం చూసి మానేశాడు.

"డాడీ, నువ్వు తీసిన ఆ టకటకలు ఏంటో తెలుసా?"

"గిన్నెల చప్పుడమ్మా. కుక్కరు. చెప్పుల చప్పుడు."

"ఎవరి చెప్పులు?"

జాన్ బాబు పళ్ళెంలోని రొట్టె ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"ఆఖరి పాట చివర్లో అమ్మ మాట ఒకటి ఉండేది. అది కూడా చెత్తేనా?"

"మాటా? మాట ఉందా?"

"విను అని కదా ఇచ్చాను. అసలు విన్నావా?"

ఆయన నిజమే చెప్పాడు. అబద్ధం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. "చూశాను. మా పనిలో సగం తెర మీద చూసే చేస్తాం తబితా. ఏ చప్పుడు ఎక్కడుందో గీతల్లో కనిపిస్తుంది. పాట అయిపోయాక ఏదైనా ఉంటే... కత్తిరించేస్తాం."

"చూశావు," అంది తబిత. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. "అమ్మ పోయినప్పట్నించి ఈ ఇంట్లో నీకేదీ వినపడకూడదు. టీవీ వద్దు, రేడియో వద్దు, ఆఖరికి ఫ్రిజ్ కూడా వద్దు. ఈ ఒక్కదాంట్లో మిగిలింది. దాన్ని కూడా తుడిచేశావు."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చెవుల్లో ఏముంటాయో తెలుసా నీకు? బాంబులు, అరుపులు. ఇంటికొచ్చాక ఒక్క గంట ఏమీ వినపడకుండా ఉంటే చాలనిపిస్తుంది. అలిసిపోయానమ్మా."

"నేను మాత్రం అలిసిపోలేదా? నాకు ఇల్లు ఇలా మూగగా ఉంటే నిద్ర పట్టదు డాడీ. అందుకే ఈ పాటలు పెట్టుకుని పడుకుంటాను. ఆల్బం, పేరు, ఎవరో మెచ్చుకోవడం... అవన్నీ తర్వాత."

ఆమె గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం హాల్లోంచి కనిపిస్తూనే ఉంది.

సుహాస్ ఫోన్ తీసి, ఏమీ చూడకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "జర టైం ఇయ్యండి అంకుల్. మస్తు కష్టపడ్డది దీనికోసం," అని బాల్కనీలోకి వెళ్ళాడు.

జాన్ బాబు మాడిన రొట్టె ముక్కను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెప్పులు ఆయన కొన్నవే. అమీర్‌పేటలో. నీలం రబ్బరు చెప్పులు, ఎడమది కాస్త ఈడ్చుకుంటూ నడిచేది తెరెసా. తెర మీద ఆ ఈడ్పు ఒక సన్నటి మరకలా కనిపించి ఉంటుంది. ఎన్ని మరకలు తుడిచాడో. ఒక్కదాని దగ్గరైనా చెయ్యి ఆగలేదు.

అమ్మాజీ వచ్చి ఎదురుగా కూర్చుంది. తమ్ముడి చేతిలోంచి రొట్టె ముక్క తీసి పళ్ళెంలో పెట్టింది.

"ఒరేయ్ బాబూ, నాకు మీ పనులు తెలియవు. ఒక్కటి చెప్పు. ఆ తీసినవన్నీ ఎక్కడ పోశావు?"

"పోయడమేంటక్కా?"

"ఊడ్చాక చెత్త ఉంటుంది కదరా. ఎక్కడో ఒకచోట పోస్తాం కదా. మా అత్తగారి చెవి కమ్మ పోయినప్పుడు ఊడ్చిన చెత్తలోనే దొరికింది."

జాన్ బాబు లేచి నిలబడ్డాడు, చెప్పులు వెతుక్కున్నాడు, ఒకటి దొరికి ఇంకోటి దొరక్క అక్కడే తిరిగాడు.

మాటలు శుభ్రం చేసేవాళ్ళకు పాత అలవాటు ఒకటుంది. తీసిన చప్పుడును వెంటనే పారేయరు. ఎక్కడైనా మాటకీ మాటకీ మధ్య మరీ శూన్యం వస్తే, అతుకు వేయడానికి ఆ గదిలోని గాలి చప్పుడే మళ్ళీ కావాలి. అందుకని తీసినదంతా విడిగా ఒకచోట పడుతుంది. స్టూడియోలో దాని పేరు 'చెత్తబుట్ట'. వారానికోసారి, శుక్రవారం నాడు ఖాళీ చేస్తారు.

"సుహాస్! బండి తీస్తావా?"

"ఏడికి అంకుల్?"

"స్టూడియోకి. ఇవాళ శుక్రవారం."

దారిలో స్టూడియో మేనేజరు మంజులతకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఆమె పనిలో దిగితే ఫోన్ పక్కన పెట్టేస్తుందని, పొద్దున్నే ముందు చేసే పని యంత్రాలు ఖాళీ చేయడమేనని ఆయనకు తెలుసు. తెలిసినవన్నీ ఇవాళ ఆయనకు ఎదురుతిరుగుతున్నట్టున్నాయి. ఫిలింనగర్ సందుల్లో ఎక్కడో కటౌట్ దించుతున్న లారీ అడ్డం వచ్చింది. సుహాస్ బండిని ఫుట్‌పాత్ ఎక్కించి, దించి, ఎవరో తిడితే "సారీ అన్నా, ఎమర్జెన్సీ" అని అరిచి పోనిచ్చాడు.

స్టూడియో గేటు దగ్గర, మెట్ల మీద, మంజులత టీ తాగుతూ కనిపించింది.

"అమ్మా, చెత్తబుట్ట ఖాళీ చేసేశావా?"

"ఎక్కడ సార్, వచ్చినప్పట్నించి కరెంటు లేదు. జనరేటరేమో డీజిల్ లేక ఆగింది. నేనిప్పుడు అందర్నీ తిట్టే పనిలో ఉన్నా. ఏమైంది సార్, అలా చెమటలు పట్టాయేంటి?"

జాన్ బాబు మెట్టు మీద కూర్చుండిపోయాడు. జనరేటరు మోతను తీసేస్తూ ఆయన సగం జీవితం గడిచింది. అది ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకుని ఆయనకు ఇంత మేలు చేసింది. మంజులత తన గ్లాసులోంచి సగం టీ ఇంకో గ్లాసులో పోసి ఆయనకిచ్చింది.

కరెంటు వచ్చాక తన గదిలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. తెర ఆపేశాడు. ఇవాళ చూడదలుచుకోలేదు.

పాట లేదు. తీసిన చెత్త మాత్రమే ఉంది. ముందు సన్నటి హిస్సు, దూరంగా వాన కురుస్తున్నట్టు. ఆ వానలోంచి వంటింట్లో మూత ఒకటి మెల్లిగా, ఎంతో మెల్లిగా, గిన్నె మీద వాలింది. చప్పుడు కాకూడదని వేళ్ళతో పట్టుకుని దించితే వచ్చే చప్పుడు. తర్వాత చెప్పులు. ఎడమది ఈడ్చుకుంటూ. కిటికీ మీద పావురం గురగుర. వెంటనే గుసగుసగా ఒక గొంతు. "ష్... పాడుతున్నారు."

పావురాన్ని ఊరుకోమంటోంది తెరెసా.

జాన్ బాబు రెండు చేతులతో హెడ్‌ఫోన్స్‌ను చెవులకు అదుముకున్నాడు. ఎనిమిది పాటల నిడివి, ఆమె ఆ ఇంట్లో తిరుగుతూనే ఉంది. కుక్కరు విజిల్ రాబోతుంటే ముందే స్టవ్ ఆపేసింది. ఒక దగ్గును కొంగులో అణుచుకుంది. ఆ దగ్గు అప్పటికే మొదలైందని ఆయనకు ఇప్పుడు తెలిసింది. అయినా ఆమె భయపడుతున్నట్టు లేదు. హాల్లో కూతురు పాడుకుంటోంది, మధ్యాహ్నం అన్నం ఉడుకుతోంది, అంతే.

చాలాసేపటి తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని, పాటను ఒక వరసలో, చెత్తను ఒక వరసలో పెట్టాడు. తీసినదాన్ని మిగిలినదాని మీద సరిగ్గా పరిస్తే మళ్ళీ మొదటి పాటే వస్తుంది. వెంట్రుకవాసి తేడా లేకుండా. రెండూ కలిపి వినిపించాడు.

అప్పుడు గిటారు అంత నెమ్మదిగా ఎందుకు నడుస్తోందో ఆయనకు అర్థమైంది. అది తెరెసా నడిచే వేగంతోనే నడుస్తోంది. తొందర లేదు. ఎవరినీ గెలవాలని లేదు. ఏళ్ళ తరబడి భుజాల మధ్య బిగుసుకుపోయినదేదో కాస్త వదులైంది. కుర్చీలో వెనక్కి వాలాడు. నాలుగో పాటలో కునుకు పట్టింది. మంజులత తలుపు తీసి చూసి, మళ్ళీ వేసి, ఆ గదికి ఎవరినీ పంపవద్దని చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. తబిత వంటింట్లో గట్టు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జాన్ బాబు డిస్కు ఆమె పక్కన పెట్టాడు.

"మీ అమ్మ పావురాన్ని తిట్టడం నీకు తెలుసా?" అన్నాడు.

తబిత తలెత్తింది. ఆయన ముఖం చూసింది, డిస్కు చూసింది.

"మూడో పాటలో," అంది. "దొరికిందా?"

"అంతా దొరికింది."

ఆమె గట్టు దిగి తండ్రి చొక్కాలో ముఖం దాచుకుంది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలా పట్టుకునేది. ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఇంత బాగుంటుందని నాకు తెలియదమ్మా," అన్నాడు. "చెప్పమన్నావు కదా, ఎలా ఉందో. కూర్చున్నచోటే నిద్రపోయాను."

"అది మంచిదా, చెడ్డదా?"

"నేను మధ్యాహ్నం నిద్రపోయి ఎన్నాళ్ళయిందో మీ అత్తనడుగు."

అన్నాలు తిన్నాక నలుగురూ హాల్లో కూర్చున్నారు. అమ్మాజీ మోకాలి కింద దిండు పెట్టుకుంది. ఈసారి మొదటి పాట సగం కాకముందే ఆమె తల పక్కకి వాలింది. సుహాస్ వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తూ, "ఆంటీ పాస్ చేసింది. ఇగ ఫికర్ లేదు," అని మెల్లగా అన్నాడు.

నాలుగో పాటలో జాన్ బాబు ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. "ఇక్కడ హిస్సు కాస్త ఎక్కువైంది."

తబిత, సుహాస్ ఇద్దరూ ఆయనవైపు చూశారు.

"ఉండనీ," అన్నాడాయన.

ఆఖరి పాట వచ్చింది. గిటారు చివరి మెట్టు దిగి ఆగింది. ఒక క్షణం ఆ పాత గది గాలి. చెప్పులు గుమ్మం దాకా వచ్చాయి. అంతవరకు ఊపిరి బిగబట్టుకుని ఆగిన మనిషి గొంతు.

"అయిపోయిందా తబితా? తిరగమోత వేసుకోనా?"

అక్కడితో ఆల్బం అయిపోయింది. జాన్ బాబు కళ్ళు మూసుకునే, చాలా మామూలుగా, "వేసుకో," అన్నాడు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. తబిత తండ్రి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్‌లో ఏదో నొక్కింది. పాటలు వెళ్ళిపోయాయి.

సుహాస్ శబ్దం కాకుండా చెప్పులు తొడుక్కుని, సైగతోనే వెళ్ళొస్తానని చెప్పి మెట్లు దిగాడు. తబిత అత్త మీద దుప్పటి కప్పి తన గదిలోకి వెళ్ళింది. జాన్ బాబు లైట్లు ఆర్పుకుంటూ వచ్చి, అలవాటుగా వంటింటి తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల ఫ్రిజ్ గునుస్తోంది. కాసేపు విన్నాడు. చెయ్యి తీసేసి, ఆ తలుపును అలాగే తెరిచి ఉంచాడు.

తర్వాత వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, అక్క నిద్ర చెదరకుండా, గడియను వేళ్ళతో పట్టుకుని మెల్లిగా వేశాడు.